పది నుంచి ఆరు దాకా మిషన్ తొక్కరాదు

జూన్ 3, సోమవారం

ఒళ్ళు మండిపోతోంది. చేతిలో పెన్ను ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఫోను గోడకేసి కొట్టేదాన్ని.

నాలుగు వాక్యాల మెయిల్. జూలై ఒకటి నుంచి ఉద్యోగులందరూ ఆఫీసుకే వచ్చి పనిచేయాలి, సహకరిస్తారని ఆశిస్తున్నాం. ఆశిస్తున్నారట! రెండేళ్ళపాటు మా ఇళ్ళలో, మా కుర్చీల్లో, మా కరెంటుతో పని చేయించుకున్నారు. ఇప్పుడు పిలవగానే సంచీ తగిలించుకుని వెళ్ళిపోవాలా? అడగరా? మాకూ నోరుందని ఎవరికీ గుర్తు లేదా?

పాత కాగితాల కొట్లోంచి కట్టలు కట్టలుగా తెచ్చుకున్న కరపత్రాలన్నీ మంచం మీద పరిచాను. "కార్మికుడా, నీ వాకిలి నీదే" అనే పదహారు పేజీల పుస్తకంలో ఎర్ర పెన్సిలుతో నేను గీత గీసుకున్న వాక్యం దొరికింది. "శ్రమించే చోటును ఎంచుకోలేనివాడు తన శ్రమకు యజమాని కాలేడు." మూడుసార్లు గట్టిగా చదివాను. వంటగదిలోంచి నాయనమ్మ "ఎవరే, ఎవరైనా పోయారా?" అని అడిగింది.

మా ఇంట్లో చైతన్యం ఈ స్థాయిలో ఉంది.

కోపంలోనూ పని మాత్రం ఆపలేదు. ఇవాళ పదహారు కాల్స్, పదిహేను అక్కడికక్కడే పరిష్కారం. మా కుట్టు మిషన్ల కంపెనీ హెల్ప్‌లైన్‌లో ఇన్ని ఎవరూ చెయ్యరు. మధ్యాహ్నం ఒకావిడ ఏడుపు గొంతుతో ఫోను చేసింది. గుడ్డ కింద దారం గుబురు గుబురుగా చుట్టుకుంటోందట, కింద దారం చుట్టే బాబిన్ మూడుసార్లు మార్చిందట. కస్టమర్ చెప్పింది మళ్ళీ పైకి చెప్పాలన్నది కంపెనీ నియమం. "అంటే కింద దారం గుబురుగా వస్తోందన్నమాట" అని గట్టిగా అన్నాను. అమ్మ గుమ్మంలో నిలబడి మడమ పైకెత్తింది, చెయ్యి పైనుంచి కిందికి గీసింది. "ఫుట్ పైకెత్తి, పై దారం మొదట్నుంచీ మళ్ళీ ఎక్కించండమ్మా, కింద దారం తప్పు కాదు" అని చెప్పాను. రెండు నిమిషాల్లో ఆవిడ నవ్వింది.

మడమ ఎత్తితే గుడ్డని నొక్కిపట్టే ఫుట్. కుడి చెవి మెలిపెట్టుకుంటే దారం బిగువు మార్చే టెన్షన్ మర. చిటికెన వేలు తిప్పితే సూది తిరగేసి పెట్టారని. పొట్ట తట్టుకుంటే బాబిన్ డబ్బా. ఇదేదో పెద్ద సాయమని కాదు. నాకు తెలిసిందే అమ్మ గుర్తు చేస్తుంది, అంతే. ఎలాగూ పగలు ఖాళీగానే ఉంటుంది కదా.

అర్జీ రాయాలి. రేపే.

జూన్ 4

రాశాను. చింపాను. రాశాను.

జూన్ 6, గురువారం

సాయంత్రం ఆరున్నరకి ఫోన్లో మా పన్నెండుమందీ కలిశాం. చరిత్రలో మా హెల్ప్‌లైన్ మొదటి సమావేశం! నేను "మిత్రులారా" అని మొదలుపెట్టాను. గురక "ఎవరు చచ్చారు?" అన్నాడు. ఈ మనుషులకి గంభీరంగా మాట్లాడితే చావు తప్ప ఇంకేమీ తట్టదా? గురక అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఒకసారి కస్టమర్ చెవిలో గురకపెట్టాడు, అప్పట్నుంచీ అంతే.

నవ్వులయ్యాక కవలల అక్క మాట్లాడింది. ఆమె పిల్లలిద్దరికీ పది నెలలు.

"నాకు ఉపన్యాసాలు రావే తల్లీ. ఒకటో తారీఖున రమ్మంటే నేను రాజీనామా రాయాల్సిందే. మా ఇంటి నుంచి ఆఫీసుకి రెండు బస్సులు. ఈ ఉద్యోగం మానితే మళ్ళీ ఎవరిస్తారు నాకు?"

నా కళ్ళు చెమర్చాయి. పోరాటానికి ముఖం కావాలంటారు, మాకు ఆ ముఖం దొరికింది. రెండు ముఖాలు, ఇంకా పళ్ళు రానివి.

"మానేది లేదక్కా! నేనున్నాను" అన్నాను.

"ఉన్నావులే, కానీ ఏం చూపిస్తాం వాళ్ళకి? ఇంట్లో బాగా చేస్తున్నామని లెక్క కావాలిగా" అన్నాడు గురక. వాడే మళ్ళీ, "ఉంది! నువ్వే! ఆఫీసులో ఉన్నప్పుడు పదికి నాలుగు చేసేదానివి. ఇంటికెళ్ళాక పదికి తొమ్మిది. ఇంతకన్నా రుజువేం కావాలి?" అన్నాడు.

అందరూ ఒప్పుకున్నారు. అర్జీలో మొదటి పేరా నా అంకెలే. పంతొమ్మిదో తారీఖున మేనేజరు గారి ముందు చదివేది కూడా నేనే.

గర్వంగా ఉంది. ఆ పేరా రాయడం మాత్రం రేపటికి వాయిదా వేశాను. నిద్రొస్తోంది కాబట్టి.

జూన్ 8, శనివారం

వెన్నుపోటు ఎక్కడినుంచో రాదు, వంటగదిలోంచే వస్తుంది.

అర్జీకి ఒక జతపత్రం తయారుచేశాను. "మా ఇంట్లోవారందరూ ఈ ఏర్పాటును మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నారు" అని, కింద సంతకాలకి గీతలు. నాన్న లారీ మీద వెళ్ళారు, నెలాఖరు దాకా రారు. కాబట్టి అమ్మా, నాయనమ్మా చాలు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, పళ్ళ మధ్య దారం ముక్కతోనే చదివింది.

"ఇది నేను రాశానా?"

"కాదు, నేను రాశాను. నువ్వు సంతకం పెట్టాలి."

"నేను రాయంది నేనెందుకు పెడతానే?"

"అమ్మా, ఇది హక్కుల సమస్య."

"ఔను మరి. పెట్టకపోవడం నా హక్కు."

ఈలోపు వీధి చివరి ఆసుపత్రి నర్సు వచ్చింది. వార్డులకి నలభై పరదాలు కావాలట. అమ్మ మొహం వెలిగిపోయింది. "జూలైలో అయితే వారంలో ఇచ్చేస్తానమ్మా. అప్పటికి మా పిల్ల ఆఫీసుకెళ్ళిపోతుంది, పగలు మిషన్ తొక్కుకోవచ్చు" అంది. నా ఎదురుగానే! నవ్వుతూ! నర్సు కూడా నావైపు చూసి, "మంచిది, మంచిది" అంది.

ఆమె గేటు దాటగానే అరిచాను. మీరంతా యాజమాన్యం పక్షం అన్నాను. శ్రామిక కుటుంబంలో పుట్టి శ్రామికులకే అడ్డుపడుతున్నారన్నాను. అమ్మ పరదా గుడ్డ నమూనాని వెలుతురుకి పట్టి చూసుకుంటోంది. జవాబు నాయనమ్మ చెప్పింది.

"చూడవే దొరసానీ, రెండేళ్ళయింది నేను పగటిపూట గట్టిగా దగ్గి. మొన్న తుమ్మొస్తే స్నానాలగదిలోకి పరిగెత్తాను. నా వయసుకి అది పరుగేనా? మీ అమ్మేమో గుమ్మంలో నిలబడి చెవులు మెలిపెట్టుకుంటూ మూగ నాటకం ఆడుతోంది. ఇది ఇల్లా, ఆఫీసా? ఆఫీసైతే మాకూ ఒక సెలవు ఇప్పించు."

తలుపు వేసుకుని కూచున్నాను. తలుపు కూడా సరిగా పడలేదు, కింద గుడ్డముక్క అడ్డం వచ్చింది.

జూన్ 9

మాట్లాడటం మానేశాను. వాళ్ళకి పెద్ద తేడా తెలిసినట్టు లేదు.

జూన్ 10, సోమవారం

ఇవాళ పద్నాలుగు కాల్స్, ఆరు పరిష్కారం. నెట్‌వర్క్ బాలేదు.

అమ్మ గుమ్మంలో లేదు. పరదాల కొలతలు వేసుకుంటోంది. ఉంటే మాత్రం ఏముందిలే. నెట్‌వర్క్ బాలేనప్పుడు ఎవరేం చేస్తారు.

జూన్ 11, మంగళవారం

పదింబావుకి మిషన్ చప్పుడు.

నమ్మలేకపోయాను. పది నుంచి ఆరు దాకా మా ఇంట్లో మిషన్ నడవదు. అది రెండేళ్ళ నియమం. హెడ్‌సెట్ మెడలో వేలాడుతుండగానే లేచి వెళ్ళాను. అమ్మ గోడవైపు తిరిగి దర్జాగా తొక్కుతోంది.

"ఏమిటిది? సమ్మెనా?"

"సమ్మె ఏమిటే? సమ్మె అంటే పని మానెయ్యడం కదా? నేను చేస్తున్నాను."

నాయనమ్మ పక్కనే కూచుని అంచులు మడుస్తూ పకపకా నవ్వింది. గట్టిగా, పగటిపూట, పదీ ఇరవైకి.

అవమానం అక్కడితో ఆగలేదు. తర్వాత కాల్‌లోకి వచ్చిన ఒక పెద్దావిడ, "అమ్మాయ్, మీ ఆఫీసులో మిషన్లు కూడా నడుపుతారా? ఇన్నాళ్ళకి పని తెలిసినవాళ్ళకి ఫోను కలిసింది" అని తెగ సంతోషపడింది. ఆవిడ మిషన్‌లో కుట్టు తప్పుతోంది. నేను టెన్షన్ తగ్గించమన్నాను, పెంచమన్నాను, మళ్ళీ తగ్గించమన్నాను. చివరికి ఇంజనీరుని పంపిస్తామని పెట్టేశాను. ఫోను పెట్టాక అమ్మ వెనక్కి తిరక్కుండానే, "సూది మార్చమంటే సరిపోయేది" అంది.

పదమూడులో నాలుగు. నెట్‌వర్క్.

జూన్ 13, గురువారం

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను. నాకోసమే రాసుకునే పుస్తకంలో కూడా అబద్ధం రాస్తే ఇక నిజం ఎక్కడ రాస్తాను?

పదకొండు గంటలకి ఒక పెద్దాయన ఫోను చేశారు. భార్య చెల్లెలింటికి వెళ్ళిందట. ఆమె తిరిగొచ్చేలోపు ఆమె మిషన్ మీద ఆమెకే ఒక సంచీ కుట్టి ఆశ్చర్యపరచాలని ముచ్చట. ఆయన జీవితంలో మిషన్ ముట్టుకోవడం ఇదే మొదలు. చక్రం తిరుగుతోంది, సూది మాత్రం కదలడం లేదు.

"చక్రం తిరుగుతోంది, సూది కదలడం లేదన్నమాట" అని అలవాటుగా గట్టిగానే అన్నాను. గుమ్మం ఖాళీ. పక్కగదిలో చప్పుడు.

ఏం చెప్పాలో నాకు తెలియదు. తెలియదని అనొచ్చు. అనలేదు. పదికి తొమ్మిది చేసేదాన్ని కదా నేను! కింద దారాన్ని పట్టే షటిల్ విరిగి ఉంటుందన్నాను. కింద రేకు విప్పమన్నాను. ఆయన ఎంత మర్యాదస్తుడంటే ప్రతి మరకీ "ఇదిగోనమ్మా, వచ్చేసింది" అని చెబుతూ విప్పుతున్నారు. అది విప్పండి, ఇది విప్పండి అంటూ పోయాను, నా గొంతు ఎంత నమ్మకంగా ఉందో నాకే ఆశ్చర్యం. కాసేపటికి ఆయన చిన్నగా అన్నారు.

"అమ్మా, నా ఒళ్ళో ఇప్పుడు ఏడు మరలూ, ఒక స్ప్రింగూ ఉన్నాయి. స్ప్రింగు ఎక్కడిదో తెలియట్లేదు. మా ఆవిడ ఎల్లుండి వస్తుంది."

మిషన్ చప్పుడు ఆగిపోయింది. అమ్మ వచ్చింది. సైగ చెయ్యలేదు. నా తలమీంచి హెడ్‌సెట్ తీసి తన తలకి పెట్టుకుంది, జడ అడ్డం వస్తే పక్కకి వేసుకుంది, నా కుర్చీలో కూచుంది.

"అన్నయ్యగారూ, కంగారుపడకండి. ఇందాక బాబిన్‌కి దారం చుట్టారా?"

"చుట్టానమ్మా."

"చుట్టేముందు చక్రం మధ్యలో ఉన్న పెద్ద మర వదులు చేశారు కదా?"

"చేశాను. పుస్తకంలో అలాగే ఉంది."

"మళ్ళీ బిగించారా?"

అవతల చక్రం తడుముతున్న చప్పుడు. తర్వాత "అయ్యో రామా" అని ఒక నిట్టూర్పు. అమ్మ నవ్వేసింది. ఆయనా నవ్వారు. మర ఒకటి బిగిస్తే అయిపోయేది. నేను ఇంజనంతా ఒళ్ళో పెట్టించాను.

ఏడు మరల్నీ వెనక్కి పెట్టించడానికి నలభై నిమిషాలు పట్టింది. పొట్టిది ఎటు, పొడుగుది ఎటు, స్ప్రింగు తోక ఎటువైపు చూడాలి, అన్నీ అమ్మ కళ్ళు మూసుకుని చెప్పింది. చేతులు గాల్లో కదులుతున్నాయి, అక్కడే మిషన్ ఉన్నట్టు. నేను నేలమీద కూచుని చూస్తున్నాను. అమ్మ గొంతు పుట్టినప్పట్నుంచీ వింటున్నాను. పని చేస్తున్న అమ్మ గొంతు ఇవాళే విన్నాను. అది వేరే గొంతు. తొందర లేదు, బతిమాలడం లేదు, అవతలివాళ్ళకి అనుమానం రానివ్వదు.

చివర్లో ఆయన అడిగారు, "రేపు సంచీ మొదలుపెడతాను. మీరు రేపు కూడా ఉంటారా అమ్మా?"

"నేనెప్పుడూ ఇక్కడే ఉంటానండీ" అంది అమ్మ.

హెడ్‌సెట్ నా చేతికిచ్చి, "ఊరికే విప్పించకే అమ్మా, అవతల మనిషి ఉంటాడు" అని మాత్రం అని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

జూన్ 14, ఉదయం

గడియారం సార్ ఫోను. మా టీం లీడర్. మాట్లాడుతున్నంతసేపూ టైము చూసుకునే మనిషి. నిన్నటి కాల్ రికార్డు ఒక నిమిషం విన్నారట. "మధ్యలో ఇంకో ఆడగొంతు వినపడింది. మీ ఇంట్లో టీవీనా?"

"అవును సార్."

"సౌండు తగ్గించండి."

మా ఇంట్లో టీవీ లేదు.

జూన్ 14, సాయంత్రం

ఆరయ్యాక అమ్మ గదిలోకి వెళ్ళాను. మిషన్ బల్లకి అంటించిన కాగితం కనపడింది. రెండేళ్ళ కింద నేనే పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. "పది నుంచి ఆరు దాకా మిషన్ తొక్కరాదు. శబ్దాలు చేయరాదు. అత్యవసరమైతే సైగ చేయవలెను." రోజూ చూస్తున్నదే. ఇవాళ కరపత్రం చదివినట్టు చదివాను. కింద "ఇట్లు, యాజమాన్యం" అని లేదు, అంతే తేడా.

కార్మికుడా, నీ వాకిలి నీదే! మరి అమ్మ వాకిలి? పదహారు పేజీల్లో ఎక్కడా అమ్మ లేదు. నేను ఎర్ర పెన్సిలుతో గీసిన చోటా లేదు. ఆమె మిషన్ ఆపించాను. ఆపిస్తే ఖాళీగా ఉంటోంది కదా అని ఆమె విద్య వాడుకున్నాను. దాని మీద నా పేరు రాసుకున్నాను. ఆ పేరు పట్టుకుని హక్కుల గురించి ఉపన్యాసం ఇవ్వబోతున్నాను. ఇంతకన్నా చక్కటి దోపిడీని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

కాగితం పీకాను, చింపబోయాను.

"చింపకు, చింపకు! వెనక తెల్లగా ఉంది, పరదాల కొలతలు రాసుకుంటాను" అంది అమ్మ.

ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, రెండూ ఒకేసారి రావడంతో ఎక్కిళ్ళు వచ్చాయి. నాయనమ్మ నీళ్ళు తెచ్చింది. అన్నీ చెప్పేశాను. పదికి తొమ్మిది, అర్జీ మొదటి పేరా, టీవీ.

"నన్ను టీవీని చేశావా?" అంది అమ్మ. తర్వాత చాలాసేపు నవ్వింది. "నాకేం కష్టమనిపించలేదే. సరదాగానే ఉండేది. ఎవరో ఎక్కడో మిషన్ ముందు కూచుని తల పట్టుకుంటే, ఇక్కడ నేను చెవి మెలిపెట్టుకోగానే అక్కడ కుట్టు పడేది. కానీ ఒక్కసారైనా నేనే చెబితే బాగుండుననిపించేది. నా మిషన్ ఊరికే పడి ఉండటం మాత్రం బాగుండేది కాదు."

"రెండేళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనుకున్నప్పుడల్లా నువ్వు కాల్‌లో ఉన్నావు."

జూన్ 16, ఆదివారం

నిన్నంతా ఆలోచించాను. నిజం చెబితే అర్జీలో మొదటి పేరా కూలిపోతుంది. అది కూలితే కవలల అక్క ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే నేను నేను కాను. నా నిజాయితీకి పది నెలల పిల్లలు మూల్యం కట్టాలా?

ఆమెనే అడుగుదామని ఫోను చేశాను. ఆమె అంతా వింది. వెనకనుంచి ఒక పిల్ల ఏడుపు, ఇంకో పిల్ల నవ్వు.

"తల్లీ, నీకో మాట చెప్పనా? నేను రోజుకి పదిహేను కాల్స్ తీసుకుంటున్నానంటే మా అత్తగారు ఒకదాన్ని ఎత్తుకుని, ఇంకోదాన్ని కాలితో ఊపుతూ కూచుంటుంది కాబట్టే. ఆవిడ ఒకరోజు గుడికో, వాళ్ళ అక్క దగ్గరికో పోతే నా పని సున్నా. ఇదెప్పుడైనా ఎక్కడైనా రాశానా నేను?"

"రాద్దామా అక్కా?"

"నా ఉద్యోగం పోతేనో?"

అబద్ధం చెప్పలేదు. "పోవచ్చు" అన్నాను.

ఆమె ఊపిరి పీల్చుకోవడం వినపడింది. "రాయి. ఎలాగూ పోయేదైతే, మా అత్తగారి పేరైనా ఒక కాగితం మీద ఉంటుంది" అంది.

అర్జీ మొత్తం చింపి మళ్ళీ రాశాను. ఈసారి కరపత్రాలు తెరవలేదు. మొదటి వాక్యం: "ఇంటినుంచి పనిచేసింది మేము మాత్రమే కాదు."

జూన్ 18

రేపే. నాయనమ్మ "మేనేజరు ఏమైనా అంటే నా పేరు చెప్పు" అంది. ఏ ధైర్యంతో అందో తెలియదు కానీ బలంగా ఉంది.

జూన్ 19, బుధవారం

ఎక్కడ మొదలుపెట్టను!

రెండేళ్ళ తర్వాత ఆ మెట్లెక్కాను. నా బల్లమీద ఎవరో మొక్క పెట్టారు, అది నాకన్నా ఏపుగా ఉంది. సమావేశం గదిలో పదకొండుమందిమి, గోడమీది తెరలో కవలల అక్క, ఆమె భుజమ్మీద ఒకటి, వెనక ఆమె అత్తగారి భుజమ్మీద ఇంకోటి. ఈ రెండేళ్ళలో వచ్చిన కొత్త మేనేజరు గారంటే ఏ రాక్షసో అనుకున్నాను. పొట్టిగా, జలుబుతో, ఫ్లాస్కులో వేడినీళ్ళు తెచ్చుకుని తాగే మనిషి.

నిలబడి చదివాను. ఇంట్లో ఎవరెవరు ఏమేం చేస్తే మా పని నడిచిందో చదివాను. నా అంకెల దగ్గరికి వచ్చేసరికి కాగితం పక్కన పెట్టేశాను.

"మేడం, నేను పదికి తొమ్మిది పరిష్కరిస్తానని మీ రిపోర్టులో ఉంది. అది తప్పు. ఆ తొమ్మిదిలో ఎనిమిది మా అమ్మవి. ఒకటి నాది."

"ఆ ఒకటి?"

"ఆ కస్టమర్ ప్లగ్ పెట్టలేదు మేడం."

గడియారం సార్ మొట్టమొదటిసారి టైము చూసుకోవడం మర్చిపోయి నావైపు చూశారు. "అయితే ఆ టీవీ..." అన్నారు. "మా అమ్మే సార్. మా ఇంట్లో టీవీ లేదు."

అయిపోయింది, ఉద్యోగం పోయింది, అక్క ఉద్యోగమూ తీసుకుపోయానని అనుకున్నాను. అప్పుడు గురక లేచాడు. చేతులు కట్టుకుని, బళ్ళో పాఠం అప్పజెప్పేవాడిలా, "మేడం, మా బాబాయి మిషన్ మెకానిక్. నాకు రానివి ఆయన్ని అడిగి చెబుతాను. నేను పడుకున్నప్పుడు ఆయనే చెబుతాడు" అన్నాడు. ఇంకొకమ్మాయి చెయ్యెత్తింది, వాళ్ళ వదిన. ఇంకొకరు, భర్త. పన్నెండుమందిలో ఏడుగురు! తెరలోంచి కవలల అక్క అత్తగారు, "నేను కూడా ఎత్తాలా చెయ్యి? ఎత్తితే పిల్ల జారుతుంది" అంది. ముందు నవ్వింది మేనేజరు గారే. నవ్వి, దగ్గి, వేడినీళ్ళు తాగారు.

"మీ అమ్మగారికి ఫోను చెయ్యండి" అన్నారు.

స్పీకర్లో పెట్టాను. ముందు మిషన్ చప్పుడు, తర్వాత అమ్మ. "ఎవరండీ? కాస్త గట్టిగా, మిషన్ మీద ఉన్నాను!"

మేనేజరు గారు తన పేరు చెప్పి, మూడు నెలలుగా తెగని సమస్య ఒకటి అడిగారు. ఒక కుట్టు శిక్షణ కాలేజీలో ఆరు మిషన్లు, ఆరింటికీ కుట్టు తప్పుతోంది. ఇంజనీరు రెండుసార్లు వెళ్ళొచ్చాడు, అన్నీ విప్పి బిగించాడు.

"ఆరింటికీ ఒకేసారి మొదలైందా?"

"అవునమ్మా."

"అయితే మిషన్ల తప్పు కాదండీ, ఆరూ కూడబలుక్కోవు కదా. సూదులన్నీ ఒక పెట్టెలోవేనా? పాత సూది ఒకటి దొరికితే కొత్తదాని పక్కన పెట్టి చూడమనండి. కొత్తది పొడుగు తక్కువై ఉంటుంది. వేరే రకం మిషన్ సూదులు కొనేసి ఉంటారు."

అరగంటకి కాలేజీ నుంచి జవాబు వచ్చింది. సూది పొడుగు చాల్లేదు.

మేనేజరు గారు మళ్ళీ ఫోను తీసుకున్నారు. "అమ్మా, మీరు మా ఆఫీసుకి వచ్చి పనిచేస్తారా?"

"నేనెందుకొస్తానండీ, నా మిషన్ ఇక్కడుంటే?"

నేను రెండు వారాలుగా పేజీలకి పేజీలు రాసి చెప్పలేనిది ఒక్క వాక్యంలో చెప్పేసింది! గదంతా చప్పట్లు. అవతల అమ్మ "ఏమిటే అక్కడ గోల, వానా?" అని అడుగుతోంది.

బేరం నా కళ్ళెదుటే జరిగింది. రోజూ రెండు నుంచి నాలుగు దాకా, మాకు తెగని కాల్స్ అమ్మకి వెళతాయి. జీతం ఉంటుంది. ఆ రెండు గంటలూ మిషన్ తనే ఆపుకుంటుంది. శనివారాలు కుదరదు. పరదాలు అయ్యేదాకా మొదటివారం గంటే. మేనేజరు గారు దేనికీ కాదనలేదు.

మా అర్జీ? అవసరం ఉన్నవాళ్ళు ఇంట్లోనే ఉండొచ్చు, ఇంట్లో ఎవరు తోడుంటున్నారో కూడా రాసివ్వాలన్నారు. కవలల అక్కకి అక్కడే ఒప్పుకున్నారు. ఆమె తెరలోంచి నన్ను చూసి ఏడుస్తోంది, భుజమ్మీద పిల్ల ఆమె ముక్కు పట్టుకుని లాగుతోంది. మరో అయిదుగురి సంగతి పైవాళ్ళని అడిగి చెబుతారట. అడగనివ్వండి. జవాబు రాకపోతే నేనున్నాను, కాగితాలున్నాయి.

"మరి మీరు?" అన్నారు మేనేజరు గారు.

"నేను ఆఫీసుకొస్తాను మేడం. నాకు మిషన్ గురించి ఏమీ తెలియదు. ఇక్కడైతే నేర్చుకుంటాను" అన్నాను. పైకి అనేటప్పుడు సిగ్గేసింది. అన్నాక భలే తేలికైంది.

ఇంటికొచ్చి అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. నాయనమ్మకి ఒక్కటే సందేహం. "ఇంతకీ నేను పగలు దగ్గొచ్చా?"

"రెండు నుంచి నాలుగు దాకా వద్దు అత్తయ్యా" అంది అమ్మ.

జూన్ 30, ఆదివారం

నాన్న వచ్చారు. జరిగిందంతా విని అమ్మని "మేడం" అని పిలుస్తున్నారు. అమ్మ రెండుసార్లు విసుక్కుంది. మూడోసారి పలికింది.

జూలై 1, సోమవారం

మొదటిరోజు. బస్సులో నిలబడే వచ్చాను. మొక్కకి నీళ్ళు పోశాను. గురక తన ఇష్టంతోనే వచ్చాడు, ఇంట్లో బాబాయి ముందు పడుకుంటే తిడుతున్నాడట.

పొద్దున్న తొమ్మిది కాల్స్, మూడు నేనే తేల్చాను. ఒకదాని మధ్యలో అలవాటుగా గుమ్మంవైపు చూశాను. గడియారం సార్ నిలబడి ఉన్నారు. ఆయనేం చేస్తారు పాపం. "తెలియదండీ, కనుక్కుని మధ్యాహ్నం చెబుతాను" అని కస్టమర్‌కి చెప్పాను. ప్రపంచం తలకిందులు కాలేదు. ఆవిడ "సరేనమ్మా" అంది.

రెండూ పదికి ఆ కాల్ నిపుణురాలికి కలిపాను.

"నమస్కారం, చెప్పండి" అంది అమ్మ. అదే గొంతు, పనిలో ఉన్న గొంతు.

"మేడం, నేను హెల్ప్‌లైన్ నుంచి మాట్లాడుతున్నాను. కస్టమర్ లైన్లో ఉన్నారు."

"ఓ, నువ్వా. తిన్నావా?"

"మేడం, కాల్ రికార్డవుతోంది."

"అవనీ. రికార్డులోనే చెప్పు, తిన్నావా లేదా?"

"తిన్నాను మేడం."

కస్టమర్ నవ్వింది. మిషన్ బాగుచెయ్యడానికి ఆరు నిమిషాలు పట్టింది. నేను పక్కనుంచి వింటూ నోటుబుక్కులో రాసుకున్నాను.

కాల్ అయ్యాక తెరమీద ఒక గడి నింపాలి. పరిష్కరించినవారు. అమ్మ పేరు కొట్టాను. ఇంతకాలం ఆ పేరు నా దరఖాస్తుల్లో "తల్లి" అన్న చోటే రాశాను, వేరే చోట రాయాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. అక్షరాలు అవే. ఇక్కడ పెద్దవిగా కనపడ్డాయి.

ఈ వారం అమ్మకి గంటే కదా, మూడయ్యేలోపు అయిదుసార్లు రాశాను. మూడు దాటాక వచ్చిన కాల్ నేనే తీసుకున్నాను, నేనే అడిగాను, నేనే చెప్పాను. అవతల కుట్టు పడింది. గడిలో నా పేరు రాసుకునేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాను, ఇది నిజంగా నేనే చేశానా అని.

నేనే చేశాను.